అడుగు లేని బకెట్టు

గాలి చెరువు మీద నుంచి తిరిగిందంటే గ్రిల్లు ముందు నిలబడ్డ మనిషికి కళ్ళు కనపడవు. ఆ సంగతి తెలిసే వీరదుర్గ కొంగు నడుముకి బిగించి దోపి, మొహం ఓ పక్కకి తిప్పుకుని, చెయ్యి చాచగలిగినంత చాచి సీసా వంచింది. మామూలు నీళ్ళసీసా. మూతకి మేకుతో బెజ్జం పెట్టి ఉంది. పెట్రోలు సన్నటి ధారగా బొగ్గుల మీద పడి సందుల్లోకి జారిపోయింది. సీసా వెనక గట్టు మీద పెట్టి, అగ్గిపుల్ల గీసి విసిరేసి, చప్పున వెనక్కి జరిగింది.

భగ్గుమని లేచిన మంట పాక చూరు దాకా వెళ్ళి వచ్చింది.

బల్లల దగ్గర ఎవరో ఈల వేశారు. ముందు బల్ల మీద కూర్చున్న కుర్రాడు ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. "ఇంకోసారి పొయ్యరా అక్కా. ఇందాక సరిగ్గా పడలేదు," అన్నాడు.

వీరదుర్గ గల్లాపెట్టె వైపు చూసింది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో యజమాని అబ్బాయిరాజుగారు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది చెయ్యడు. చెరువుల మీద పనివాళ్ళని పిలిచినా, కొట్లో వాళ్ళని పిలిచినా, ఇంట్లో మనిషిని పిలిచినట్టే ఉంటుంది.

"సరదాపడుతున్నారు కదమ్మా దుర్గా, వెయ్యి. కొంచెం చూసి వెయ్యి."

మొదటిసారి పోసేది చల్లటి బొగ్గుల మీద. రెండోసారి పోసేది నిప్పు మీద. నిప్పు మీద పోస్తే మంట ధారని పట్టుకుని పైకి పాకుతుంది. చేతిని ఎంత తొందరగా వెనక్కి లాక్కుంటే అంత. వీరదుర్గ పోసింది, లాక్కుంది. కుర్రాడికి ఈసారి సరిగ్గా పడింది.

కైకలూరు నుంచి ఆకివీడు వెళ్ళే రోడ్డు పక్కన, చేపల చెరువు గట్టుని ఆనుకుని ఉంటుంది ఆ గ్రిల్ పాయింటు. రేకుల పాక, ముందర రంగు బల్బులు, కాసిని బల్లలు. పండుగప్ప చేపకి రెండు పక్కలా గాట్లు పెట్టి, మసాలా పట్టించి, బొగ్గుల మీద కాల్చి ఇస్తారు. ఏలూరు నుంచీ, తాడేపల్లిగూడెం నుంచీ కూడా కార్లు వేసుకుని వస్తారు. కాల్చేది వీరదుర్గ. వెనకాల కుళాయి దగ్గర కూర్చుని చేపలు తోమేదీ, గిన్నెలు కడిగేదీ దానమ్మ.

కాలిన చేపని పళ్ళెంలోకి తీసి వెనక్కి వెళ్తే, దానమ్మ పొలుసు తీస్తున్న కత్తి ఆపి తలెత్తి చూసింది.

"నీ కనుబొమ్మ మళ్ళీ పోయిందే."

వీరదుర్గ వేలితో తడిమి చూసుకుంది. ఎడమ కనుబొమ్మ చివర గరుగ్గా తగిలి, పొడిలా రాలింది.

"పోతే వస్తుందిలే అక్కా."

"వస్తుంది. అయినా ఈ తడిలో కూర్చునే దానికంటే అదే నయం," అంది దానమ్మ. నానిపోయి తెల్లబడ్డ వేళ్ళని ఓసారి చూసుకుని మళ్ళీ పనిలో పడింది. ఆమెకి యాభై దాటాయి. మొగుడు పోయాక ఇక్కడ చేరింది. ఇంతవరకూ కుళాయి దగ్గర నుంచి ముందుకి వచ్చింది లేదు.

ఆ పూట ఇంటికెళ్ళి తలంటుకున్నా వీరదుర్గ జుట్టులోంచి పెట్రోలు వాసన పోలేదు. పడుకుంటే తలగడలో ఉంది. అటు తిరిగినా ఉంది, ఇటు తిరిగినా ఉంది.

ఆదివారం రాజుగారి చెరువుల మీద ఉన్న గెస్ట్‌హౌసులో విందు. ఆయన కోడలు గాయత్రి తరఫు వాళ్ళు తణుకు నుంచి వస్తున్నారు. పొద్దున్నే ఆటో పంపించి, మసాలా పట్టించిన చేపలతో సహా వీరదుర్గని రప్పించారు.

అక్కడ గడ్డి మీద కొత్త గ్రిల్లు ఉంది. గుండ్రంగా, నల్లగా, మూతతో, చక్రాలతో. దాని పక్కన రాజుగారి అబ్బాయి శ్రీకర్ మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు కాచుకునే హీటరులాంటి ఇనప చుట్టని బొగ్గుల్లోకి దూర్చాడు. దానికి పొడుగాటి వైరు. ఆ వైరు కిటికీలోంచి లోపలికి వెళ్ళింది.

"ఇదేంటండి బాబూ?" అంది వీరదుర్గ.

"బొగ్గులు అంటించేది. ప్లగ్గులో పెడితే అదే ఎర్రగా అయ్యి అంటుకుంటాయి. గాయత్రి తెప్పించింది," అన్నాడు శ్రీకర్. అతను మంచివాడే గాని తొందర మనిషి. చుట్ట ఎర్రబడింది, దాని చుట్టూ ఉన్న బొగ్గులు అంచుల్లో తెల్లబడుతున్నాయి. మిగతావి నల్లగా అలాగే ఉన్నాయి. చుట్టాలు వచ్చేశారు. పిల్లలు గ్రిల్లు చుట్టూ మూగారు. శ్రీకర్ లేచి, జనరేటరు గదిలోంచి పెట్రోలు సీసా పట్టుకొచ్చి మూత తిప్పాడు.

వరండాలోంచి అబ్బాయిరాజుగారు దిగి వచ్చిన తీరు వీరదుర్గ ఎప్పుడూ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. వచ్చీ రాగానే కొడుకు చేతిలోంచి సీసా లాక్కున్నాడు.

"బుద్ధుందా నీకు? పెట్రోలుతో ఆటలా? మొహం మీదకి వచ్చిందంటే ఏం చేస్తావు? పక్కన పిల్లలున్నారు."

"కొంచెమే నాన్నా."

"కొంచెం గాదు, చుక్క కూడా వద్దు. ఆలస్యమైతే అవనీ. వాళ్ళేం పారిపోరు."

సీసాకి మూత బిగించాడు. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూశాడు. మెట్ల దగ్గర చేపల గిన్నె పట్టుకుని నిలబడ్డ వీరదుర్గ కనిపించింది. గొంతు మామూలైపోయింది.

"దుర్గా, ఇది నువ్వు పట్టుకెళ్ళమ్మా. రేపు మన పాయింటులో పనికొస్తుంది."

వీరదుర్గ గిన్నె ఓ చంకలోకి మార్చుకుని, రెండో చేత్తో సీసా అందుకుంది. ఆయన మొహంలోకి చూసింది. అందులో ఏమీ లేదు. దాచుకున్నదీ లేదు, తప్పు చేస్తున్నానన్నదీ లేదు. ఇంట్లో పనికిరాని వస్తువు ఇంకోచోట పనికొస్తుందని ఇచ్చినట్టే ఇచ్చాడు. అప్పుడే గాయత్రిగారి చిన్నపిల్ల పరిగెత్తుకొస్తుంటే, ఆయన వంగి దాన్ని ఎత్తుకుని గ్రిల్లుకి దూరంగా తీసుకుపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె చేపలు కాలుస్తూనే ఉంది. బొగ్గులు నెమ్మదిగా అంటుకున్నాయి, సమంగా కాలాయి. ఎవరూ తొందరపెట్టలేదు. అందరూ బాగుందన్నారు. తిరిగి వస్తుంటే ఆటోలో సీసా ఆమె కాళ్ళ దగ్గర అటూ ఇటూ దొర్లింది. పాదంతో అదిమి పట్టుకుంటే, ఆటో మలుపు తిరిగినప్పుడల్లా కాలి కింద నుంచి జారిపోయేది.

మొగుడు ఏడుకొండలు ఐసు బండి మీద పనికి వెళ్తాడు. అతనికి చెబితే అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"వాళ్ళ పిల్లాడు వాళ్ళకి ముద్దు. అందులో ఏముంది?"

"నువ్వైతే ఏమనేవాడివి?"

"ఎవర్ని?"

"నాకు ఆ సీసా ఇస్తుంటే."

ఏడుకొండలు ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. చెయ్యి కడుక్కుని వచ్చాక, "రేపు వెళ్తావు కదా పనికి?" అని అడిగాడు.

మర్నాడు సాయంత్రం బొగ్గులు గ్రిల్లులో పోసి, పైన ఊచలు సర్ది, వీరదుర్గ చేతులు దులుపుకుని నిలబడింది. సీసా గట్టు మీద ఉంది. రోడ్డు మీద ఓ కారు నెమ్మదించి కిందికి దిగుతోంది.

"అంటించమ్మా," అన్నాడు అబ్బాయిరాజుగారు.

"నేను పెట్రోలు పొయ్యనండి రాజుగారూ."

ఆ మాట ఎలా వస్తుందో అని పొద్దున్నించీ లోపల్లోపల గింజుకుంది గాని, వచ్చేటప్పుడు తేలిగ్గానే వచ్చింది. గల్లా దగ్గర కూర్చున్న ఆయన అన్న కొడుకు చరణ్‌తేజ ఫోన్లోంచి తలెత్తాడు.

"ఏం, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు అబ్బాయిరాజుగారు.

"బాగానే ఉందండి. నిన్న అక్కడ పెట్టారే, ఆ కరెంటు చుట్ట, అలాంటిది ఇక్కడా పెట్టించండి. దాంతో అంటిస్తాను."

అబ్బాయిరాజుగారు నవ్వాడు. ఎగతాళిగా కాదు, పిల్లలు అడిగినప్పుడు నవ్వినట్టు. "ఇక్కడ కరెంటా? కింద చూడు, నీళ్ళు. పైన రేకులు కారతాయి. వైరు తెగి నీకు షాకు కొడితే నేనేం చెప్పుకోవాలి మీ ఆయనకి?"

వీరదుర్గ కిందికి చూసింది. ఆయన చెప్పింది నిజమే. చేపల నీళ్ళు పారి సిమెంటు నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

"ఏదైనా గాని, పెట్రోలు మాత్రం నేను పొయ్యనండి."

"సరేలే. భయం పట్టుకుంది నీకు. బలవంతం ఏముంది?" ఆయన వెనక్కి తిరిగి, అదే మెత్తటి గొంతుతో పిలిచాడు. "దానమ్మా, ఇలా రామ్మా. ఇవాళ్టి నుంచి నువ్వు చూసుకో గ్రిల్లు. దుర్గ వెనకాల కూర్చుంటుంది."

తిడతాడనుకుంది వీరదుర్గ, మానెయ్యమంటాడనుకుంది. రెండింటికీ సిద్ధపడే వచ్చింది. ఇది మాత్రం అనుకోలేదు. దానమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. చేతులు చీరకి తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక పెదాలు బిగించి వచ్చింది. సీసా తీసుకుని, రోజూ వెనకాల నుంచి చూసిందంతా గుర్తుచేసుకుంటున్నట్టు ఓసారి బొగ్గుల్ని చూసి, బాగా దగ్గరికి వంగి పోసింది.

"అక్కా, వంగకు," అంది వీరదుర్గ.

భగ్గుమంది. దానమ్మ కెవ్వుమనబోయి నవ్వేసింది. కారులోంచి దిగినవాళ్ళు కూడా నవ్వారు.

రెండో రోజుకి దానమ్మ గుడికి కట్టుకెళ్ళే చీర కట్టుకుని వచ్చింది. జడ చుట్టి పిన్నులు పెట్టింది. తినడానికి వచ్చినవాళ్ళు "అమ్మా, ఇంకొంచెం కాలనివ్వండి" అంటుంటే "అలాగేనండి బాబూ" అని పటకారుతో చేపని తిప్పే తీరు చూసి, ఈవిడ గొంతులో ఇంత సందడి ఉందా అనుకుంది వీరదుర్గ. తను కుళాయి కింద పీట మీద కూర్చుని పొలుసు గీస్తోంది. ఐసు నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పని మారినందుకు బాధ లేదు. మంట లేచినప్పుడల్లా మాత్రం చేతిలో కత్తి ఆగిపోతోంది.

గిన్నెల కోసం దానమ్మ వెనక్కి వచ్చినప్పుడు మెల్లిగా చెప్పింది.

"అక్కా, రెండోసారి పొయ్యమంటే పొయ్యకు. నిప్పు మీద పోస్తే ధార పట్టుకుని వచ్చేస్తుంది."

"నువ్వు పొయ్యలేదా ఇన్నాళ్ళూ?"

"పోశాను. అందుకే చెబుతున్నా."

దానమ్మ గిన్నెలు చంకన పెట్టుకుని నిలబడింది. నవ్వు పోయింది. "నీ చోటు నువ్వే వదులుకున్నావు దుర్గా. నేను లాక్కోలేదు. నేనూ కాసేపు ఆ బల్బుల కింద నిలబడతాను. నిలబడనీ."

వీరదుర్గ చేపని తిప్పి రెండో పక్క గీసింది. పొలుసులు ఎగిరి చేతులకి, మోచేతులకి అంటుకున్నాయి. పొయ్యనని అనేసి తను చేతులు కడుక్కుంది. ఆ సీసా మాత్రం ఉన్నచోటే ఉంది, పట్టుకున్న చెయ్యి మారింది అంతే. అది తలుచుకుంటే ఆమెకి కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్న ఏలూరు బస్సెక్కింది. బస్సు కొల్లేరు మీదుగా పోతుంటే కిటికీ పక్కన చెరువులు, గట్లు, మళ్ళీ చెరువులు. నీళ్ళ మీద గూడబాతులు తెల్లగా గుంపులు కట్టి ఉన్నాయి. అందరూ చూస్తున్నారు. ఆమె చూపు అటు పోలేదు.

మెయిన్ బజారులో వంటసామాన్ల కొట్టతనికి ఏం కావాలో చెప్పడానికి కొంచెం తంటాలు పడింది. బొగ్గుల గ్రిల్లు అంటించేది, పెట్రోలు లేకుండా, కరెంటు లేకుండా. అతను ముందు చిన్న గ్యాసు డబ్బాకి తుపాకీలా బిగించే గొట్టం తెచ్చి నొక్కి చూపించాడు. నీలం మంట చుయ్‌మని వచ్చింది. బాగానే ఉంది గాని, పట్టుకుని అక్కడే నిలబడాలి. చెరువు గాలికి ఆ మంట ఎటు తిరుగుతుందో చెప్పలేం. పైగా చూడ్డానికి సరదాగా ఉంది. సరదాగా ఉన్నదేదైనా రెండోసారి చెయ్యమంటారు. వద్దంది. చేత్తో తిప్పే గాలి మిషను చూపించాడు. ముందు నిప్పంటూ ఉంటే గదా దానికి పని. నిప్పురవ్వలు లేచి చీర మీద పడతాయి. మైనం బిళ్ళలు చూపించాడు. అవి బాగానే ఉన్నాయి గాని రోజూ కొనాలి, రాజుగారు కొనడు.

"ఇంకోటి ఉంది గాని నా దగ్గర లేదమ్మా," అని అతను ఫోన్లో బొమ్మ చూపించాడు. రేకు గొట్టం, కింద బెజ్జాలు, పక్కన పిడి. "చిమ్నీ అంటారు. కింద కాగితం పెట్టి, పైన బొగ్గులు పోసి అంటిస్తే గాలి కింద నుంచి లాగి అంతా తనే రాజుకుంటుంది. దగ్గర నిలబడక్కర్లేదు."

దగ్గర నిలబడక్కర్లేదన్న మాట దగ్గర వీరదుర్గ ఆగిపోయింది. బొమ్మని మళ్ళీ చూపించమంది. తిప్పి తిప్పి చూసింది.

రేకు పెట్టెలు చేసే తోమా కొట్టు ఆ సందు చివరే. ముసలాయన ట్రంకు పెట్టెకి గొళ్ళెం బిగిస్తున్నాడు. ఆమె చేతులతో గాల్లో గీసి చెప్పింది. ఆయన సుత్తి పక్కన పెట్టి విన్నాడు.

"అడుగు లేని బకెట్టంటావు."

"అదేనండి. అడుగు బదులు మధ్యలో జల్లెడ. కింద చుట్టూ బెజ్జాలు."

"నలభై ఏళ్ళుగా అడుగు కారకుండా చెయ్యమని వస్తున్నారు గాని, అడుగే వద్దని వచ్చింది నువ్వేనమ్మా," అన్నాడు తోమా. అని కొత్త రేకు బయటికి లాగి గీత గీశాడు. కత్తెర రేకుని కొరుకుతూ పోయింది. కొయ్య మీద చుట్టి, అంచులు మడిచి, రివిట్లు కొట్టాడు. ఓ పిడి పెట్టబోతే ఆమె ఆపింది.

"రెండు పెట్టండి, ఇటొకటి అటొకటి. నిండా నిప్పులుంటే ఒక చేత్తో వంచడం కష్టం."

"నీకేనా ఇది?"

"నాకు కాదండి. పెద్దావిడ ఉంది."

తోమా రెండో పిడి వెతికి పెట్టాడు. వేడెక్కకుండా పిడులకి కర్ర తొడిగాడు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వస్తుంటే పక్కసీటు ఆవిడ అది దేనికని అడిగింది. చెబితే తప్ప ఎవరికీ అర్థం కాని వస్తువు పట్టుకుని వెళ్తున్నందుకు వీరదుర్గకి కొంచెం సిగ్గేసింది.

ఆ సాయంత్రం అది అంటుకోలేదు.

కాగితాలు కాలి బూడిదయ్యాయి, పొగ గొట్టంలోంచి వచ్చి పాకంతా కమ్మింది, బొగ్గులు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. మళ్ళీ కాగితాలు పెట్టింది. మళ్ళీ పొగ. బల్లల దగ్గర వాళ్ళు దగ్గుతున్నారు. ఓ కారు వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. చరణ్‌తేజ ముక్కు మూసుకుని, "ఏంటి దుర్గక్కా ఇది?" అన్నాడు. అబ్బాయిరాజుగారు గొట్టం చుట్టూ ఓసారి తిరిగి చూసి, కాలితో పక్కకి నెట్టాడు.

"కానీ దానమ్మా. జనం వెళ్ళిపోతున్నారు."

దానమ్మ హడావిడిగా గొట్టంలోని బొగ్గులు గ్రిల్లులోకి దిమ్మరించింది. వాటిలో ఎక్కడో ఒకటి రెండు లోపల రాజుకుని ఉన్నాయని ఆమెకి తెలీదు. సీసా వంచింది. అగ్గిపుల్ల గియ్యకుండానే మంట లేచింది.

అరుపు వినపడలేదు. మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళిన వీరదుర్గ తిరిగి చూసేసరికి సీసా కింద పడి ఉంది, దానమ్మ దాన్ని కాలితో దూరంగా తన్ని, కొంగు ముంజేతికి చుట్టుకుని, బల్లల వైపు తిరిగి నవ్వుతోంది. "అంటుకుందండి. ఇదిగో, అయిపోతుందండి." చేపల్ని ఊచల మీద పరిచింది. ఎడం చేత్తో పరిచింది.

కాసేపటికి గిన్నెల కోసమన్నట్టు వెనక్కి వచ్చి, చేపల ఐసు పెట్టె మూత తీసి, చెయ్యి మోచేతి దాకా అందులో దూర్చింది. కళ్ళు మూసుకుంది. పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చుకుంది. వీరదుర్గ పక్కనే కూర్చుని ఆ చెయ్యి పట్టుకుని చూసింది. మణికట్టు పైనించి తోలు ఎర్రగా మెరుస్తోంది, అక్కడక్కడా ఉబ్బుతోంది.

"ఐసు వద్దక్కా. కుళాయి కింద పెట్టు. పద, ఆసుపత్రికి పోదాం."

"ఎవరితోనూ అనకు."

"అక్కా..."

"అనకు దుర్గా. నీకు దణ్ణం పెడతాను. మళ్ళీ నన్ను ఇక్కడ కూర్చోబెడతారు."

వీరదుర్గ ఆ చేతిని కుళాయి కింద పట్టింది. ముందర నుంచి ఎవరో చేప మాడుతోందని కేకేశారు. దానమ్మ తడి చేతి మీదకి కొంగు లాక్కుని లేచి వెళ్ళింది.

వీరదుర్గ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఆ బొగ్గుల్లో నిప్పు మిగిల్చింది తను తెచ్చిన గొట్టమే. పొద్దున్నే దాన్ని పెరట్లో పెట్టుకుని కూర్చుంది. ఎందుకు అంటుకోలేదు? కింద బెజ్జాలు సన్నగా ఉన్నాయి. పైగా తడి సిమెంటు మీద ఆనించి పెట్టింది, గాలి ఎటు నుంచి పోతుంది? బొగ్గులూ మంచుకి చెమ్మగిలి ఉన్నాయి. పెద్ద మేకు, సుత్తి తీసుకుని చుట్టూ ఇంకో వరస బెజ్జాలు కొట్టింది. ఏడుకొండలు బయటికి వచ్చి చూసి, గొట్టం కదలకుండా పట్టుకున్నాడు.

మధ్యాహ్నమే పాయింటుకి వెళ్ళి బొగ్గుల బస్తా విప్పి గట్టు మీద ఎండలో పరిచింది. దానమ్మ వచ్చింది. చెయ్యి కొంగులో దాచుకునే ఉంది. వీరదుర్గ చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పింది.

"గ్రిల్లు నీదే అక్కా. నిలబడేది నువ్వే, కాల్చేది నువ్వే. నేను కుళాయి దగ్గరే ఉంటాను. అంటించేది మాత్రం నన్ను ముందే వెనకాల అంటించనీ. నిప్పు తెచ్చి నీ గ్రిల్లులో పోస్తాను."

దానమ్మ ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. "నీకేం వస్తుంది అందులో?"

"నిద్ర వస్తుంది."

దానమ్మ వెళ్ళి రెండు ఇటుకలు తెచ్చి పెట్టింది. ఇటుకల మీద గొట్టం నిలబెట్టి, కింద కాగితం నలిపి, పైన ఎండిన బొగ్గులు నింపి అంటించారు. మొదట పొగ వచ్చింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. తర్వాత పొగ పలచబడి, గొట్టంలోంచి గాలి గుయ్‌మని లాగడం మొదలెట్టింది. బెజ్జాల్లోంచి ఎర్రగా కనపడింది. చెరువు గాలి ఎటు తిరిగినా ఎర్రదనం పెరిగిందే గాని తగ్గలేదు. పైన బొగ్గుల మీద బూడిద పొర కట్టాక, వీరదుర్గ రెండు పిడులూ పట్టుకుని మోసుకెళ్ళి గ్రిల్లులోకి వంచింది. గలగలమని పడ్డాయి.

అబ్బాయిరాజుగారు వచ్చేసరికి చేపలు ఊచల మీద ఉన్నాయి. గొట్టాన్ని చూసి, "ఇంకా ఉందా ఈ డబ్బా?" అన్నాడు.

"పనిచేసిందండి. సరిచేసుకున్నామండి," అంది దానమ్మ.

చీకటి పడుతుండగా తాడేపల్లిగూడెం నుంచి ఓ కుటుంబం వచ్చింది. తల్లీ తండ్రీ, కాలేజీ చదివే కొడుకు. కొడుకు గ్రిల్లు వైపు చూసి నిరాశగా, "మంట వెయ్యరాండి? వీడియోలో చూసి వచ్చాం," అన్నాడు.

"ఎందుకు వెయ్యం? వేస్తాం," అబ్బాయిరాజుగారు గట్టు మీది సీసా తీసి తనే తెచ్చి దానమ్మకి అందించాడు. "కొంచెం వెయ్యమ్మా. చూసి వెయ్యి."

దానమ్మ సీసా అందుకోలేదు. పటకారుతో ఓ చేపని తిప్పింది, పక్కదాన్ని తిప్పింది.

"దానమ్మా."

"దుర్గా, ఇటు రా," అంది దానమ్మ. గొంతు పెద్దదే చేసింది, బల్లలన్నిటికీ వినపడేలా. "వచ్చి పటకారు పట్టుకో. నాకు చెయ్యి మండుతోంది."

వీరదుర్గ పొలుసుల చేతులతోనే వచ్చింది. దానమ్మ కొంగు తీసింది. ముంజేయంతా పొక్కులు చితికి, బల్బుల వెలుగులో తడిగా మెరుస్తోంది. కుర్రాడి తల్లి కూర్చున్న చోట నుంచి లేచింది.

"ఏమైందమ్మా చేతికి?"

"పెట్రోలండి. నిన్న పోశాను," అంది దానమ్మ. చేప ధర చెప్పినట్టు చెప్పింది.

కుర్రాడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. అబ్బాయిరాజుగారి మొహం ఎర్రబడింది. "నాకు చెప్పలేదేమ్మా మరి?"

"చెబితే మళ్ళీ కుళాయి దగ్గరికి పంపేస్తారని చెప్పలేదండి."

చేపలోంచి నూనె బొట్టు నిప్పుల మీద పడి చిటపటమంది. ఆయన సీసా పట్టుకునే ఉన్నాడు. వీరదుర్గ వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకోలేదు. గల్లా దగ్గర అన్న కొడుకు వైపు చూశాడు; చూసిన మరుక్షణమే చూపు తిప్పుకున్నాడు. ఆ సీసా ఎవరి చేతిలో పెట్టాలో ఆయనకి తోచలేదు. తనే దాన్ని వెనక్కి మోసుకుపోయాడు. తిరిగి వచ్చి, "తేజా, కారు తియ్యి. ఆవిణ్ణి కైకలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు," అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

రేపు ఏమంటాడో వీరదుర్గకి తెలీదు. ఇద్దర్నీ వద్దంటాడేమో. సీసా ఇంకెవరికో ఇస్తాడేమో. ఆలోచన ఎటూ తెగలేదు. చేతిలో పటకారు ఉంది, ముందర చేప ఉంది. అంచు కింద దూర్చి తిప్పింది.

కుర్రాడి తల్లి తన కుర్చీ ఇవతలికి లాగింది. "కారు వచ్చేదాకా కూర్చోండమ్మా," అంది.

దానమ్మ ఆ కుర్చీని చూసింది, తన తడిసిన చీరని చూసుకుంది. "ఫరవాలేదండి," అంది. ఆవిడ కుర్చీ వదల్లేదు. దానమ్మ మెల్లిగా అంచు మీద కూర్చుంది, లేవమంటే లేచిపోయేలా. కాలిన చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

ఎవరూ లేవమనలేదు. కాసేపటికి వెనక్కి ఆనుకుంది.